బొగ్గుసీమయందలి శాతవాహననగరములు: విత్తవ్యయములేని దర్శనము

ప్రాచీననగరదర్శనము ధనవంతులకే లభించు భాగ్యమని మనవారిలోఁ జాలమంది తలంపు. హంపియో, అజంతయో చూడవలెనన్న బండికూలి, బసకూలి, భోజనవ్యయము, ప్రవేశరుసుము నన్నియు సమకూర్చుకొనవలెను. నెలజీతముపై బ్రతుకువారు, అందును సొంతయూరు విడిచి గనులకొఱకు వచ్చినవారు, ఆలెక్క వేసికొని ప్రయాణము మానుకొందురు. రామగుండము, గోదావరిఖని ప్రాంతములయందు బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పుచున్న నేను ఈమాట నెన్నిమాఱులో వింటిని. వినినప్పుడెల్ల నాకు వింతగా నుండెడిది. ఏలయన, ఆమాట లాడువారు తెల్లవాఱుజామున బయలుదేఱినచో మధ్యాహ్నమునకు ముందే రెండువేల యేండ్లనాఁటి యొక పట్టణపు దిబ్బపై నిలువఁగలరు. అందుకు వారు చెల్లింపవలసినది బస్సుకూలి మాత్రమే. స్త్రీలకైతే 2023 డిసెంబరు 9 మొదలుకొని తెలంగాణమునందలి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో నాకూలియు లేదు.

ఆపట్టణములు మూఁడు. పెద్దపల్లి జిల్లాలోని పెద్దబంకూరు, ధూళికట్ట. జగిత్యాల జిల్లాలో గోదావరీతీరమందలి కోటిలింగాల. ఈమూఁటికిని నేఁడు రాచఠీవి లేదు. దిబ్బలు, చేలు, ఇటుకముక్కలు, కుండపెంకులు: కంటికిఁ గానవచ్చునది చాలవఱకు నింతియే. కాని శాతవాహనరాజ్య మెచ్చటఁ బుట్టెనను ప్రశ్నకుఁ బ్రత్యుత్తరము వెదకువారు ఈదిబ్బలను విడిచి ముందునకుఁ బోఁజాలరు. ఈవ్యాసమున నేను జెప్పఁబూనినవి రెండు. మొదటిది, ఈదిబ్బలు చరిత్రకుఁ జేసిన యుపకార మెట్టిదో చూపుట. రెండవది, ఆయుపకారము కొనసాగుట సామాన్యుల కాలినడకపైఁ గూడ నాధారపడి యున్నదని మనవి చేయుట.

సీమయు, జనమును

ఈసీమ గనులవలనఁ బెరిగిన సీమ. సింగరేణి కంపెనీ 1920లో నేర్పడినది. 1945లో నిజాముప్రభుత్వపు వశమైనది. నేఁడు రాష్ట్ర, కేంద్రప్రభుత్వముల యుమ్మడిసొత్తు. గోదావరిఖని యను పేరే గనివలనఁ గలిగినది. గనుల వెంబడి విద్యుత్కేంద్రమును, ఎరువుల కర్మాగారమును వచ్చినవి. పలుజిల్లాల నుండియుఁ బరరాష్ట్రముల నుండియు పనివారు వచ్చి చేరిరి. ఇటీవల మఱియొక తెగవారును బయలుదేఱిరి. 2020లో మహమ్మారి వచ్చిననాఁటి నుండి, దూరనగరములలోని సంస్థలకు ఇంటఁ గూర్చుండియే కంప్యూటరుపైఁ బనిచేయు యువకులు కొందఱు తలిదండ్రుల క్వార్టర్లకుఁ దిరిగి వచ్చిరి. గనిలో దిగినవానికి సూర్యుఁడు కానరాఁడు. వీరికి వీధి కానరాదు. ఇరువురికిని సెలవునాఁడు నడచి చూడఁదగినది యేదైన నుండవలెను. అది చేతిసొమ్మునకు మించరాదు. అట్టిది తమ గడపకుఁ జేరువనే యున్నదని చెప్పువారు వారికి లేరు. చెప్పవలసినవారము పండితులము. మనమో, పాఠ్యపుస్తకమున లేనిదానిని జెప్పము.

ముప్పదికోటల మాట

క్రీస్తుశకము మొదటిశతాబ్దమందు రోమకపండితుఁడగు ప్లినీ తన ప్రకృతిచరిత్రమున ఆంధ్రులను బేర్కొని, వారికిఁ బ్రాకారములు గల పట్టణములు 30, కాల్బలము 1,00,000, ఆశ్వికులు 2,000, ఏనుఁగులు 1,000 గలవని వ్రాసెను. ఈలెక్క మెగస్తనీసు వ్రాఁతల నుండి గ్రహింపఁబడినదని పలువురి యభిప్రాయము. అట్లైనచో నిది మౌర్యకాలపు మాట యగును. ఆముప్పదింటి పేర్లను బ్లినీ చెప్పలేదు. కావున ఫలానాదిబ్బయే ఫలానాకోట యని వ్రేలు చూపి చెప్పుట సాహసము. ఐనను గోదావరికి దక్షిణమున, ఒండొంటికి మిక్కిలి దూరము గాక, కోటగోడలు గల ప్రాచీనస్థలములు వరుసగాఁ గానవచ్చుట చూచినప్పుడు ఆలెక్క కేవలకల్పన కాదని తోఁచును. విదేశీయుఁడు విని వ్రాసినదానికి మననేల సాక్ష్యము పలుకుచున్నది. పేర్లు మాత్రము పలుకుట లేదు.

అశ్మకశబ్దము

వైయాకరణుల కీసీమ క్రొత్తది కాదు. పాణిని చతుర్థాధ్యాయ ప్రథమపాదమందు అశ్మకశబ్దమునకు ఇఞ్‌ప్రత్యయమును విధించినాఁడు. ఆశ్మకి యనఁగా అశ్మకుల సంతతివాఁడు గాని, వారి రాజు గాని యగును. బహువచనమున నాప్రత్యయము లోపించి అశ్మకాః అని నిలుచును. విద్యార్థులు దీనిని రూపసిద్ధికొఱకు వల్లెవేయుదురే కాని, యిది తమకుఁ జేరువనున్న యొక దేశపు పేరని తలపోయరు. నేనును జాలకాలము తలపోయలేదు. బౌద్ధుల అంగుత్తరనికాయమునఁ జెప్పఁబడిన పదునాఱు మహాజనపదములలో అస్సక మొకటి. ఆపదునాఱింటిలో దక్షిణాపథమునకుఁ జెందినది యదియొక్కటియే. పాలిభాషలో అశ్మకము అస్సకమైనది. సుత్తనిపాతమందలి పారాయణవర్గము, బావరి యను బ్రాహ్మణుఁడు కోసలదేశమును విడిచి దక్షిణాపథమునకు వచ్చి, అస్సకుల దేశమున గోదావరియొడ్డున నివసించెననియు, తన పదునాఱుగురు శిష్యులను బుద్ధుని యొద్దకుఁ బంపెననియుఁ జెప్పుచున్నది. అస్సకుల రాజధాని నేఁటి బోధనే యని పలువురు పండితులు తలంచిరి. బావరి యున్నచోటు కోటిలింగాల యని కాని, మఱియొకటి యని కాని నిశ్చయించుటకు నాకు సాహసము లేదు. అష్టాధ్యాయియుఁ బాలిగ్రంథములును నెఱిఁగిన దేశమునందే మనము బొగ్గు త్రవ్వుచున్నామనుట మాత్రము నిశ్చయము.

పెద్దబంకూరు

పెద్దపల్లికి సమీపమందలి యీ గ్రామమున 1960ల చివరినుండి 1970లలోఁ గొన్నియేండ్లు పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపిరి. ఇటుకగోడలతోఁ జుట్టఁబడిన మూఁడావరణములు, ఇండ్ల పునాదులు, మురుగుకాలువలు, ఇటుకబావులు, కాల్చిన మట్టియొరలతోఁ గట్టిన బావులు, కమ్మరిపని జరిగిన గుఱుతులు, వేలకొలఁది శాతవాహననాణెములు, వానితోడ రోమకనాణెములును బయలుపడినవి. ఇంత చిన్నయూర రోమకనాణె మేల యను ప్రశ్నకుఁ బ్రత్యుత్తరము వర్తకమే. గోదావరిలోయ వెంట సముద్రతీరమునకును, పడమటిదిక్కున ప్రతిష్ఠానమునకును బోవు మార్గముల నడుమ నీసీమ యున్నది.

నాకు నాణెములకంటె బావులు మిక్కిలి యాశ్చర్యము గొల్పినవి. వేసవిలో రామగుండము తెలంగాణమున నత్యధికముగా వేఁడెక్కు నూళ్లలో నొకటి. మరుభూమిని దలపించు నాయెండలో నొక పట్టణము నిలువవలెనన్న నీటియేర్పాటు లేక సాగదు. మట్టియొరలను ఒకదానిపై నొకటి దింపుచు, క్రిందిమట్టిని దోడుచు, ఒరల బరువుచేతనే బావిని లోతునకు దించుట యొక నేర్పు. ఈసంగతి నే నొకనాఁడు విశ్రాంతుఁడైన యొక గనికార్మికునకుఁ జెప్పఁగా, నాతఁడు నాకు మాఱుపాఠము చెప్పినాఁడు. మట్టి వదులుగా నున్నచోట గోడ లోనికిఁ గూలును. కూలకుండ నాపుటయే త్రవ్వుటకంటెఁ గష్టము. ఒర ముందు దిగి మనిషి వెనుక దిగినప్పుడే వాని ప్రాణము నిలుచును. ఇది వాని మాట. నేను బుస్తకమున ‘ఒరలబావి’ యని చదివి పేరు నేర్చితిని. పేరు లేకయే ఆతఁ డాబావి నెఱిఁగియున్నాఁడు.

ధూళికట్ట

ధూళి సంస్కృతము, కట్ట తెలుఁగు. ఇది మిశ్రసమాసమైనచో నూరిపేరే మట్టిప్రాకారమును జెప్పుచున్నదనవచ్చును. ఎలిగేడు మండలమునందలి యీ స్థలమున మట్టికోటయు, దానికిఁ గొంతదూరమున బౌద్ధస్తూపమును గలవు. స్తూప మిటుకకట్టడము, దాని చుట్టు సున్నపుఱాతిపలకలు నిలిపిరి. 1970లలో జరిగిన త్రవ్వకములందు బయలుపడిన యీపలకలలో ముచలిందనాగుని శిల్పములు ప్రసిద్ధములు. సంబోధి పొందిన పిమ్మట బుద్ధుఁడు ధ్యానమున నుండఁగా గాలివాన వచ్చెననియు, ముచలిందుఁడను నాగరాజు తన చుట్టలతోఁ జుట్టి పడగ పట్టి యాతనిఁ గాపాడెననియు బౌద్ధకథ. ధూళికట్ట శిల్పి పడగలను జక్కఁగాఁ జెక్కినాఁడు. బుద్ధుని మాత్రము మానుషరూపమునఁ జెక్కలేదు. మూర్తికి బదులు చిహ్నమును నిలుపు ప్రాచీనసంప్రదాయమునకుఁ జెందుటచేత నీస్తూపము ఆంధ్రదేశమందలి మిక్కిలి పాతస్తూపములతోఁ గూడ లెక్కింపఁబడుచున్నది.

ఈపలకలను జూచునపుడు మనవా రొకమాట మఱచిపోరాదు. ఇచ్చటి పల్లెలలో నాగులచవితికిఁ బుట్టకుఁ బాలుపోయు నాచారము నేఁటికిని గలదు. బౌద్ధము పోయినది, పడగపైఁ గల భక్తి పోలేదు. ఒకదాని నుండి మఱియొకటి పుట్టినదని నే ననను. ఒకేనేలపై రెండును నిలిచినవని మాత్ర మనుచున్నాను. ధూళికట్ట, పెద్దబంకూరు, కోటిలింగాలలయందు దొరికిన పలువస్తువులు కరీంనగరమందలి పురావస్తుప్రదర్శనశాలలోఁ గలవు. స్థలమును ముందు చూచి, పిమ్మటఁ బ్రదర్శనశాలకుఁ బోవుట మేలు. తలక్రిందుగాఁ జేసినచో దిబ్బ వట్టిదిబ్బగాఁ దోఁచును.

కోటిలింగాల

వెల్గటూరు మండలమున గోదావరియు పెద్దవాగును గలియుచోట నీగ్రామ మున్నది. కోటేశ్వరాలయమున్న తీర్థము, దాని సమీపముననే ప్రాచీనమగు కోటదిబ్బ. ఇచ్చటి చేలలో దొరకు నాణెములను ధర్మపురివాసియగు సంగనభట్ల నరహరిశర్మగారు సేకరించిరి. శాసనపరిశోధకులగు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిని జదివి 1970ల చివర విద్వల్లోకమునకుఁ దెలిపిరి. 1979 మొదలుకొని కొన్నియేండ్లు, వి.వి. కృష్ణశాస్త్రిగారు పురావస్తుశాఖ నడపుచున్న కాలమున, త్రవ్వకములు జరిగినవి. క్రమమును గమనింపుఁడు: ముందు నడచినవారు నరహరిశర్మగారు, పిమ్మట వచ్చినది ప్రభుత్వశాఖ. నరహరిశర్మగారు చేలగట్ల వెంబడి తిరుగకయే యుండినచో నానాణెములు కంచరివాని మూసలోఁ గరఁగిపోయియుండెడివి.

అందేమి దొరకెను? శాతవాహనులకు ముందు పరిపాలించిన రాజుల పేర్లు దొరకెను. రఞో గోభదస, రఞో నారనస, రఞో సమగోపస, కంవాయస: ఇవి యానాణెములపై బ్రాహ్మీలిపిలో నున్న మాటలు. ‘రఞో’ యనఁగా రాజ్ఞః, రాజుయొక్క యని షష్ఠి. తుదిని ‘స’ యనునది స్య యను సంస్కృతవిభక్తికి వచ్చిన రూపము. గోభద్ర, నారాయణశబ్దములు గోభద, నారనములైనవి. ఈరాజుల పేర్లను పురాణములు చెప్పలేదు, శాసనములు చెప్పలేదు, ఒక నదీతీరపు చేను చెప్పినది.

వీనితోపాటే చిముకుని నాణెములు, ఇతరశాతవాహనుల నాణెములును దొరకినవి. ఇచ్చట నా యపరాధ మొకటి ఒప్పుకొనవలసియున్నది. నానేఘాటునందలి ప్రతిమల క్రింద నున్న లేఖనమున శాతవాహనవంశమూలపురుషుని పేరు సిముక యని యున్నది. కోటిలింగాల నాణెములపై సిరి చిముక సాతవాహన యని చదివిరి. మొదటిసారి యిది చదివినప్పుడు నాపుస్తకపుటంచున ‘చి యనునది టంకకారుని పొరపాటు, సి యని దిద్దుకొనవలెను’ అని వ్రాసికొంటిని. వ్యాకరణము చదివినవాని యహంకార మిట్టిది: లక్ష్యము లక్షణమునకు లోఁబడకున్న లక్ష్యమునే దిద్దఁబోవును. పొరపాటు ఒక్కనాణెమునఁ బడవచ్చును. ఆరూపమే మఱికొన్నిట నుండునపుడు అది పొరపాటు కాదు, పాఠము.

విద్వాంసులు కొందఱు సిముకశబ్దమును శ్రీముఖశబ్దభవముగాఁ దలంచిరి. ఆవ్యుత్పత్తికిఁ గోటిలింగాల నాణెమే యడ్డువచ్చుచున్నది. ఆపంక్తియందే శ్రీశబ్దమునకు ‘సిరి’ యను రూపము స్పష్టముగా నున్నది. ఒకే టంకకారుఁడు, ఒకే నాణెముపై, ఒకచోట శ్రీశబ్దమును సిరి యనియు, దానిప్రక్కనే చి యనియు వ్రాయుట పొసఁగదు. పైఁగా ముఖశబ్దమందలి ఖకారము ప్రాకృతమున నిలుచుటయో, హకారమగుటయో సహజము, కకారమగుట యరుదు. మత్స్యపురాణమున శిశుక, విష్ణుపురాణమున శిప్రక, వాయుపురాణమున సింధుక యని మూఁడుతెఱఁగుల పేర్లు గలవు. మూలము సంస్కృతమైనచో ఇన్ని సంస్కృతరూపము లుండ నేల? ఆపేరు సంస్కృతము కాదు కాఁబట్టియే ఒక్కొక్కపౌరాణికుఁడు ఒక్కొక్కతీరున దానికి సంస్కృతవేషము వేసెనని నా యభిప్రాయము.

చకార సకారములకు మనభాషలోఁ గల చుట్టఱికము నెల్లరు నెఱుఁగుదురు. గసడదవాదేశమున చకారము సకారమగును. వాడుకలోఁ జెప్పుట సెప్పుట యగుచున్నది. ఇంతమాత్రమున చిముకుఁడు తెలుఁగువాఁడని నేను నిర్ణయింపను. రెండువేల యేండ్లనాఁటి పలుకుబడిని నేఁటి వ్యాకరణముతోఁ గొలుచుట న్యాయము గాదు. చి యను రూప మీతీరమున దొరకినది, సి యను రూపము పడమటికనుమలలో దొరకినది యనునంతవఱకే సాక్ష్యము. శాతవాహనుల జన్మభూమి ప్రతిష్ఠానప్రాంతమని కొందఱును, మ్యాకదోని శాసనమందలి సాతవాహనిహారము నాధారముగాఁ గొని బళ్లారిసీమ యని సుక్తంకరుగారును వాదించిరి. ఆవాదములు పుట్టినపుడు కోటిలింగాల నాణెములు వెలుఁగు చూడలేదు. శాతవాహనులకు ముందటి రాజులు, మూలపురుషుఁడు, తరువాతివారు నొకేచోటఁ గ్రమముగాఁ గానవచ్చుచుండఁగా, వంశారంభము నీలోయయందు వెదకుట యుక్తమని నాకుఁ దోఁచుచున్నది. వేఱుగాఁ దలంచువారు వాదింతురుగాక. వారును ముందొకమాఱు ఆదిబ్బ నెక్కి చూడవలెనని నా కోరిక.

నీటిపాలైనది, నీటఁ దేలినది

శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము గట్టిన పిమ్మట దాని వెనుకనీరు కోటిలింగాలను దాఁకినది. ప్రాచీనస్థలమునఁ గొంత నీటిపాలైనది. జలాశయము వలదని నే ననను. ఈపారిశ్రామికసీమకు దాని నీ రావశ్యకము. కాని యేది మునుఁగుచున్నదో తెలిసి మునుఁగనిచ్చుట వేఱు, తెలియక మునుఁగనిచ్చుట వేఱు. ఒక వేసవిని నీరు తగ్గినపుడు, మునుపు చెప్పిన యా విశ్రాంతకార్మికునితో నేనచ్చటికిఁ బోయితిని. ఒడ్డు కోసికొనిపోయి నిలువుగోడవలె నున్నచోట ఆతఁడు నిలిచి, వ్రేలితో గీఁతలు చూపి, ‘సారూ, గీడ ఒక్క ఊరు లేదు. ఊరి మీద ఊరు, దాని మీద ఇంకో ఊరు ఉన్నది’ అనెను. పెంకులపొర, బూడిదపొర, ఇటుకపొర, వానిపై నొండ్రుమట్టి: నే నప్పటివఱకు దానిని మట్టిగానే చూచితిని. బొగ్గుపొరల మందము కంటితోఁ గొలిచి ముప్పదియేండ్లు బ్రతికినవాఁడు దానిని గ్రంథముగాఁ జదివెను. భూగర్భమును జదువు విద్యయం దీసీమలోని కార్మికులు మనకంటెఁ బెద్దలు. వారికి లేనిది లిపిజ్ఞానము. అది మనయొద్ద నున్నది. రెండును గలియకుండుటయే లోపము.

ఇదిగాక, మంథనికిఁ బోవుదారిలో రామగిరికోట గలదు. అదియుఁ జూడఁదగినదే. మేఘదూతమందలి రామగిరి యిదియే యని యిచ్చటివారు ప్రీతితోఁ జెప్పుదురు. నాగపురసమీపమందలి రామటేకు దానికి స్థానమని విద్వాంసులలోఁ బెక్కుమంది యభిప్రాయము. నేనును రెండవపక్షమువాఁడనే. ఐనను వర్షారంభమున నాకొండపైకి మబ్బు దిగునప్పుడు ఎక్కి చూచినవాఁడు మొదటిపక్షమువారిపైఁ గోపపడఁజాలఁడు.

విజ్ఞప్తి

చూడఁబోవువారికి రెండుమూఁడు మాటలు. ఎండలు ముదురకముందు, మాఘఫాల్గుణములలోఁ బోవుట మంచిది. వేసవిలోఁ బోయినచో ప్రొద్దెక్కకముందే మరలవలెను. చేతికఱ్ఱ, నీరు, సద్దిమూట చాలును. చేనిలోఁ బైరున్నచో రైతునడిగి గట్టుమీఁదనే నడవవలెను. నాణెము గాని, పూస గాని కంటఁబడినచో జేబునఁ బెట్టుకొనరాదు. 1878నాఁటి నిధినిక్షేపచట్టము, 1972నాఁటి పురావస్తుచట్టమును దీనికి వర్తించును. చట్టమునకు వెఱవనివారికి నేను జెప్పున దింకొకటి: చోటు తెలియని నాణెము సగము మూగ. గోభదుని నాణెము ఏ బజారుననో దొరకియుండినచో నాతఁడెచ్చటి రాజో యెవరికిని దెలియకపోయెడిది.

ఈస్థలములయందు తెలుఁగులో వివరముగల ఫలకములు నిలుపవలెనని నేను గొన్నియేండ్ల క్రిందట నొక కార్యాలయమునకు వ్రాసితిని. ప్రత్యుత్తరము రాలేదు. పిమ్మట నాలోచింపఁగా ఫలకముకంటెఁ బంతులు మేలని తోఁచినది. ఫలకము వర్షమునకు వెలిసిపోవును. బాలునకుఁ జెప్పిన మాట వాని తండ్రికిని జేరును. ఈసీమయందలి ప్రతి పాఠశాలాపండితుఁడును ఏఁటి కొకమాఱు, ఒక సెలవునాఁడు, తన విద్యార్థులను, వారి తలిదండ్రులను వెంటఁబెట్టుకొని యీమూఁటిలో నొకదాని కేఁగినఁ జాలును. దారివ్యయ మల్పము, విద్యాలాభ మధికము. ఆనడకలో రేపటి నరహరిశర్మ యొకఁడు లభింపవచ్చును. ఆతఁడు గనికార్మికుని కుమారుఁడే యైనచో ఈసీమకు అంతకంటెఁ దగినవాఁడు లేఁడు.

చిముకశబ్దముపై నే వ్రాసినదానియందు దోషములున్నచోఁ దెలుపుఁడని విద్వాంసులను వేఁడుచున్నాను. పుస్తకపుటంచున నేను వ్రాసికొన్న పాతమాటను గొట్టివేసి చాలకాలమైనది. క్రొత్తమాటను గొట్టివేయుటకును సిద్ధముగనే యున్నాను.